రెండో కొమ్ము

పర్లాకిమిడిలో కొమ్ముపని వీధిని
ముక్కుతో వెతుక్కోవాలి.
కాలిన వెంట్రుక వాసన, దాని మీద కొబ్బరి నూనె.
ఆ వాసన చిక్కబడే చోట కుడివైపు మూడో గడప
దీనబంధు మహారణాది.
పద్నాలుగేళ్లుగా అక్కడ మెరుగు పెట్టేవాణ్ణి నేను.

కొమ్ము తొట్టిలో నానుతుంది.
లోపలి ఎముక వదులై జారి వస్తుంది
తడిసిన చెప్పులోంచి పాదంలా.
తర్వాత నిప్పు, రంపం, ఆకురాయి, గాజుపెంకు,
చిట్టచివర నా అరచెయ్యి.

ఈ అరచేతి మీదుగా ఎన్ని వెళ్లాయో!
చేపను మింగబోయి ఆగిపోయిన కొంగలు,
మీసాలు విరగకుండా దూదిలో చుట్టిన రొయ్యలు,
జింకలు, నెమళ్లు,
కటకంలో ఎవరో పెద్దాఫీసరు బల్ల మీదికి ఓ సింహం
(దీనబంధు సింహాన్ని చూసింది క్యాలెండరులోనే).
గేదె కొమ్ము అన్ని జంతువులూ అయింది,
గేదె మాత్రం కాలేదు.

ఎవరడుగుతారు?
దున్నపోతు మీద వాన అంటాం.
నీకేమైనా కొమ్ములొచ్చాయా అంటాం.
యముడికి వాహనంగా ఇచ్చి చేతులు దులుపుకున్నాం.
ఆయన మఇంషి అంటాడు, నేను గేదె అంటాను,
రెండు భాషల్లోనూ అది బురదలోనే ఉంది.

కొండ మీద సవరల గోడలు వేరు.
ఒకసారి సెరంగో సంతకు పోయి చూశాను:
ఎర్రమట్టి మీద బియ్యప్పిండి తెలుపు,
పోయినవాళ్ల కోసం గీసిన ఇల్లు.
అందులో ఏనుగు, సైకిలు, తుపాకీ పట్టిన గార్డు,
ఓ మూల గేదె.
దానికి కళ్లు పెట్టలేదు.
కొమ్ములు మాత్రం ఒంటికన్నా పెద్దవి.

ఆషాఢంలో ఒకనాడు
కాశీనగరం దారి నుంచి తడుస్తూ వచ్చింది బమ్మిడి తౌడమ్మ.
గోనె విప్పితే జత కొమ్ములు.
"మా సుక్కివి. తొమ్మిది ఈతలు ఈనింది.
దీంతో దాన్నే సెయ్యండి బాబూ.
కొంగొద్దు. కొంగ నాకేటికి, మా మడిలో బోల్డున్నాయి."

దీనబంధు నవ్వలేదు.
కొంగ మెడ ఆయన వేళ్లకు నిద్రలోనూ వచ్చు,
గేదె ముట్టె రాదు.
నాలుగు సాయంత్రాలు మహేంద్రతనయ గట్టున కూర్చున్నాడు.
అరవై ఏళ్లు కొమ్ములు కోసిన మనిషి
వాటి కింద ఓ ముఖం ఉంటుందని
పిల్లాడిలా చూస్తూ ఉండిపోయాడు.
ఇంటికొచ్చి నాతో అన్నదొక్కటే:
"నమిలేటప్పుడు దాని దవడ అడ్డంగా పోతుందిరా."

పదో నాడు తౌడమ్మ వచ్చింది.
బొమ్మను తిరగేసి ముందు పొదుగు చూసింది,
పాలు పితికిన చెయ్యి కదా.
"ఇది బాగుంది.
ఎడమ కొమ్మే ఇలా కాదు.
రైలు గేటుకి గుద్దుకుని కిందకి ఒంగిపోనాది.
కంట్లో గుచ్చుకుంటాదని కొస నానే అరగదీసీదాన్ని."

కొమ్ములోంచి తీసిన కొమ్ము, అగ్గిపుల్లంత.
దీపం మీద వెచ్చబెట్టి
ఊపిరి బిగబట్టి వంచాడు దీనబంధు.
వాసన లేచింది.
కొత్తవాళ్లయితే ముక్కు మూసుకుంటారు.
తౌడమ్మ కొంగు కదపలేదు.
"ఆఁ" అంది.
అంతే. చాలాసేపటికి మళ్లీ, "ఆఁ."

డబ్బు బదులు నెయ్యి సీసా పెట్టింది,
సుక్కి చివరి ఈత పాలది.
మధ్యాహ్నం ఆయన తన అన్నంలో వేసుకుని
నా కంచంలోనూ ఒంపాడు.
పూసకట్టిన నెయ్యి. మేం మాట్లాడుకోలేదు.

బొమ్మకు ఒక్క కొమ్మే సరిపోయింది.
రెండోది తౌడమ్మ అడగలేదు, మేమూ గుర్తు చేయలేదు.
ఇంకా తొట్టిలోనే ఉంది.
భువనేశ్వర్ నుంచి ఆర్డరొచ్చింది, ఇరవై కొంగలు,
సరుకు చాలదు.
దీనబంధు ఆ తొట్టి వైపు చూడడు.
పొద్దున్నే నీళ్లు మార్చేది నేనే.