రెండు గజాలు

గజమంటే ఏమిటో నెల్లిమర్లలో
ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.
మగ్గం దిగిన గోనెపట్టని
మూడు షిఫ్టులూ గజాల్లోనే కొలిచారు మావాళ్లు.
అందుకే పీఈటీ మాస్టారు
తాటిముంజెలా సాగిన బంతొకటి తెచ్చి
"నాలుగు విడతలు, పది గజాలు, అంతే ఆట" అంటే
డాలినాయుడు పకపకా నవ్వాడు.
"ఇదేటి మాస్టారూ, ప్రెస్సు కాడ్నుంచి గొడౌనుకి
మా అయ్య బేళ్లు మోసిందీ అంతేగదా!"

మిల్లు మూసిన ఏడు అది.
గేటు ముందు టెంటు,
టెంటులో చాప, చాప మీద పేకముక్కలు పంచుకుంటూ అయ్యలు.
చంపావతి ఇసకలో
ఒకర్నొకరు గుద్దుకుంటూ పదకొండుమందిమి మేము.
హెల్మెట్లు తొమ్మిది.

నేను గీత మీద వంగి నిలబడేవాణ్ని,
బంతి ముట్టే పని లేనివాణ్ని.
ఎదుటివాణ్ని ఒక్క అడుగు పక్కకి జరపాలి,
తలుపు ఓరగా తీసినంత.
ఆ సందులోంచి డాలినాయుడు దూరిపోయేవాడు.
పోతూపోతూ వాడి మోకాలు నా నడ్డిని రాసుకునేది.
ఆ రాపిడే నాకు అందిన బంతి.

విజయనగరం వచ్చింది హైదరాబాదు జట్టు.
వాళ్లది గాలి ఆట.
ఇక్కడ చెయ్యి విసిరితే
నలభై గజాల అవతల కొంగ వాలినట్టు వాలేది బంతి.
జనం మెడలెత్తి చూశారు, అబ్బో అన్నారు.
మాది నేల ఆట.
రెండు గజాలు. ఒకటిన్నర. మళ్లీ రెండు.
ఓసారి ఏమీ లేదు,
ఉన్నదాంట్లోంచి అరగజం పోయింది కూడా.
గట్టు మీద ఎవడో అరిచాడు,
"ఓరి, దుక్కి దున్నతన్నార్రా ఈళ్లు!"
మాస్టారికి కోపం రాలేదు.
"దున్నండ్రా" అన్నాడు.
"మన చేతిలో ఉన్నంతసేపూ
బంతి ఆళ్ల చేతిలో నేదు. గడియారాన్ని తినండి."

ఈ కాలం ఆటకి ఇంకా నేలెందుకని అడుగుతారు.
నాకు తెలిసింది ఇంతే:
పదిసార్లు వీధి తలుపు బాదితే
పదకొండోసారి ఇంట్లోవాళ్లంతా
తలుపుకి వీపులాన్చి నిలబడతారు.
అప్పుడు పెరడు ఖాళీ.

ఆఖరి విడత. ఒక్క గజం కావాలి.
ఎనిమిదిమంది ముందుకొచ్చి గోడ కట్టారు.
గౌరేసు, బంతి పంచేవాడు,
డాలినాయుడి చెవిలో అన్నాడు:
"నీకివ్వను. ఇచ్చినట్టుంటాది."
వాడు తలూపాడు.

నేను తలుపు తీశాను.
వాడొచ్చాడు,
కడుపు మీద రెండు చేతులూ మడిచి,
వానలో బియ్యం మూట తడవకుండా తెచ్చేవాడిలా.
లేనిదాన్ని అంత గట్టిగా పట్టుకోవడం
అంతకుముందు ఒక్క చోటే చూశాను,
మూసిన గేటు ముందు అయ్యలు
జేబులో టోకెను తడుముకుంటుంటే.

నలుగురు వాడి మీద పడ్డారు.
ఆ పైన ఇద్దరు.
మా అందరి తలల మీంచి
బంతి తీరిగ్గా వెళ్లి పైడిరాజు గుండెల మీద వాలింది.
ఈలలు. కేకలు. డప్పొకటి ఎక్కడ్నుంచొచ్చిందో.
గుట్ట అడుగునుంచి, నోట్లో మట్టితో, డాలినాయుడు:
"ఎల్లిందేట్రా?"
"ఎల్లింది."
"అయితే నెగండెహె, ఊపిరాడ్డం నేదు."

ఒక్క పాయింటుతో గెలిచాం.
లెక్కల పుస్తకంలో ఆ పరుగు లేదు,
బంతి లేని పరుగుకి గడి గియ్యలేదెవరూ.
మర్నాడు పేపర్లో పైడిరాజు, గాల్లో.
బొమ్మ మూలన నల్లగా ఓ కుప్ప,
కుప్పలోంచి ఒక బూటడుగు. నాదే.

టెంటులో పేపరు చేతులు మారింది.
డాలినాయుడి అయ్య చదువుకోలేదు, బొమ్మే చూశాడు.
"నువ్వేవీ?"
"కిందున్నాను."
ఆయన పేకముక్కలు బోర్లా పెట్టి
కొడుకు చొక్కా గుండీ విప్పి
మెడకీ భుజానికీ నడుమ
వాచినచోట సరిగ్గా వేలు పెట్టాడు,
వెతుక్కోకుండా.