ఖాళీకి కూడా చోటు

పాత పోస్టాఫీసు వీధిలో, మేడ మీద
మా స్టీవెడోర్ ఆఫీసుకి ఏసీ ఉన్నది ఒక్క గదిలోనే.
మనుషులకి కాదు, దానికి.
చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళేవాళ్ళం,
అయినా పాదాల కింద ఇనుప ఖనిజం
ఎర్రగా గరగరమంటూనే ఉండేది.

ఆరువందల నలభై కే.
ఆ అంకె ఇప్పటికీ నాకు
చిన్నప్పటి ఇంటి నంబరులా గుర్తు.
అందులో డాస్ తన వాటా తీసుకున్నాక,
ఒకేసారి రెండు పనులు చేయిస్తానని వచ్చిన డెస్క్‌వ్యూ
తన వాటా తీసుకున్నాక,
మిగిలిన దాంట్లో లోటస్ కాళ్ళు చాపుకోవాలి.
పేరుకి తామరపువ్వు.
ఆకలి మాత్రం రాత్రి షిఫ్టు దిగిన కళాసీలది.

ఒక కిటికీలో డెమరేజి లెక్క,
ఇంకో కిటికీలో ఏజెంటుకి ఉత్తరం.
ఒకటి కదిలితే ఇంకోటి ఊపిరి బిగపట్టేది.
కొత్తగా బిగించిన మెమరీ కార్డు గురించి
మద్రాసు ఇంజనీరు చాలా చెప్పాడు గాని
నాకు అర్థమైంది అద్దంలోంచి బయటికి చూసినప్పుడే:
దూరాన లంగరేసిన ఓడలు పద్నాలుగు,
లోపల బెర్తు ఒక్కటి.
ఒకటి వెనక్కెళ్తేనే
ఇంకోటి కాలవలోకి వస్తుంది.
డాల్ఫిన్ నోస్ మీది దీపం
ఒక్కో ఓడ మీద ఒక్క రెప్పపాటు వాలి పోతుంది,
ప్రతి ఓడా వెలుగంతా తనదే అనుకుంటుంది.

ఆ రాత్రి గ్రీకు ఓడ. తెల్లారితే వెళ్ళిపోతుంది.
పదకొండు రోజులు ఆగింది.
వాన గంటలు తీసెయ్యాలి,
క్రేను పాడైన గంటలు ఎవరి ఖాతాలోవో తేల్చాలి.
ఆఖరి వరస కొడుతుంటే
తెర అడుగున మూడక్షరాలు మిణుకుమన్నాయి, మెమ్ అని.
తర్వాత మెమరీ ఫుల్.
ఉత్తరం కిటికీ మూసేశాను.
డెస్క్‌వ్యూనే దించేశాను.
ఒక్క లోటస్, ఒక్క నేను.
అయినా ఫుల్.

మూడువందల వరసలకి ఇంత మేతేమిటి?
ఎండ్ నొక్కి హోమ్ నొక్కాను,
షీటు ఎక్కడ ఆఖరో అక్కడికి తీసుకుపోతుంది.
ఒక్క గెంతు.
వరస నాలుగువేల పన్నెండు.
చుట్టూ ఏమీ లేదు, నడిసముద్రం.
ఒక గడిలో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో దాలినాయుడు.
పక్క గడిలో టీ.
దాని పక్కన పద్నాలుగున్నర.

ముప్ఫైయేళ్ళు జెట్టీ మీద టాలీ రాసిన సూరి దాలినాయుడు!
ఆ పెట్టె ముట్టనని
అందరి ముందూ చెవులు పట్టుకున్న మనిషి.
మేం వెళ్ళాక, రాత్రి పూట,
కింది బాణం మీట మీద వేలుంచి
మా లెక్కలకి భుజం తగలకుండా
దూరంగా, ఇంకా దూరంగా నడిచి
ఎవరూ రాని చోట
తన పేరు కొట్టుకుని చూసుకున్నాడు.
ఆ మూడు గడుల కోసం
మధ్యలో ఉన్న ఖాళీనంతా
యంత్రం తలమీద మోస్తోంది.

కాయితమ్మీద రాసుకుని, చెరిపేశాను.
దాచి, మూసి, మళ్ళీ తెరిచాను.
ఫ్లాపీ కిర్రుమంది. చోటు తిరిగొచ్చింది.
ఓడ వెళ్ళింది. బిల్లూ వెళ్ళింది.

పొద్దున్న ఎవరూ లేనప్పుడు చెప్పాను.
చెవులు కందిపోయాయి ఆయనకి.
చాలాసేపు తెర వైపు చూసి
"అదేటి బాబూ,
కాళీకి కూడా సోటు కావాలేటి?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.
కొత్త ఫ్లాపీ ఒకటి తీసి
అట్ట మీద ఆయన పేరు రాసిచ్చాను.

పద్నాలుగున్నర సంగతి నెలాఖర్న క్యాంటీన్లో తెలిసింది.
ఆ బాకీ నాది.
కట్టింది ఆయన.