చుక్క లెక్క

ఆటోనగర్ మూడో రోడ్డులో
ముప్ఫై రెండేళ్ళుగా నా పని చుక్కలు లెక్కపెట్టడం.
ఆకాశంలోవి కావు.

లారీ పంపు విప్పి బెంచికెక్కిస్తాను.
ఆరు నాజిళ్ళు, ఆరు గాజు గొట్టాలు.
వెయ్యి స్ట్రోకులకి దేంట్లో ఎంత డీజిల్ దిగిందో
కన్ను ఆనించి చూస్తాను.
ఒక్క చుక్క తేడా వచ్చినా మళ్ళీ విప్పుతాను.
మీరావలి చేతి లెక్కంటే
గుంటూరు మిర్చి యార్డు దాకా పేరు.

కానీ ఒక మాట చెప్పాలి.
పంపు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, సీలు వేసి.
"పుల్లింగు చాలట్లేదు మేస్త్రీ,
ఘాట్ రోడ్డులో ప్రాణం తీస్తోంది, కాస్త తిప్పు"
అనేవాళ్ళు డ్రైవర్లు.
తిప్పేవాణ్ణి.
సీలు తెంపి, పావు చుట్టు. వందో రెండొందలో జేబులోకి.
లారీ నల్లగా ఊదుకుంటూ బెంజి సర్కిల్ వైపు పోయేది.
నల్లపొగంటే ఏముంది,
అరగనంత తిన్న ఇంజను త్రేన్పు.

ఎన్ని పావు చుట్లు?
చుక్కలన్నీ పుస్తకంలో రాశాను గానీ
అవి మాత్రం రాయలేదు.

బుడమేరు సింగ్‌నగర్‌లోకి వచ్చిన తెల్లారి
వంటింట్లో గ్యాస్ బండ తేలింది.
మేడమెట్ల మీద కూర్చుని చూస్తున్నా.
నీళ్ళ మీద సన్నటి పొర ఒకటి,
నెమలికంఠం రంగులు తిప్పుకుంటూ
గుమ్మం దాటి లోపలికొచ్చింది.
వాసన పట్టాను.
పిలవకుండా నట్టింట్లోకొచ్చే చనువు
సొంతవాళ్ళకే ఉంటుంది.

వాన అంతెందుకు కురిసిందో నాకేం తెలుసు.
ఏటి దారిలో ఇళ్ళు కట్టుకుంది మేమే, అదీ ఒప్పుకుంటాను.

మూడు రోజులు డాబా మీదే.
పై వాటా సైన్సు టీచరు కరుణమ్మ
పులిహోర పొట్లం విప్పుతూ చెప్పింది:
"డీజిలంటే పాత ఎండండీ.
ఎప్పటిదో సముద్రంలో నాచు తాగిన ఎండ,
మట్టి కింద కోట్ల ఏళ్ళు మాగింది."
అంటే దాన్నా నేను విప్పి వదిలింది, ఇప్పటి ఎండ మీదికి?
వెనక రోహిణిలో రోళ్ళు పగిలేవి.
ఇప్పుడు రోళ్ళు ఎవరింట్లో ఉన్నాయి గానీ
ఉగాది రాకముందే స్పానరు పడితే చెయ్యి కాలుతుంది.

"అయిపోతుందా మరి, ఆ పాత ఎండ?"
"అది అయ్యేలోపు మనం అయిపోకుండా చూసుకోవాలి" అంది.

నా పాత బజాజ్ గుర్తొచ్చింది.
రిజర్వు కూడా అయ్యాక
పక్కకి వంచి, కాసేపు పడుకోబెట్టి, లేపి కిక్కు కొడితే
బంకు దాకా వచ్చేది.
భూమినిప్పుడు అలాగే వంచుతున్నారట,
సముద్రాల అడుగున, మంచు కింద, రాళ్ళు పిండి.
ఆ వంపుకి నీళ్ళన్నీ మా వైపు జారాయి కాబోలు.
నేను వంచింది ఎదర బంకు కనబడుతోంది గనక.
వీళ్ళకి ఏం కనబడుతోంది?

షెడ్డులో ఓ మూల ఇప్పుడు
ఏసుపాదం కరెంటు ఆటోల మోటార్లు విప్పుతున్నాడు.
"ఆ కరెంటు ఎక్కడిదిరా?"
"ఇబ్రహీంపట్నం."
"అక్కడ మండేది?"
"బొగ్గు." వాడే నవ్వాడు.
తర్వాత రేకుల వైపు చూసి
"పైన పలకలు బిగిద్దాం బాబాయ్, అప్పు నే తెస్తా" అన్నాడు.
ఎండకి మాకేం కొదవ!

అది చాలుతుందో లేదో నాకు లెక్క రాదు.
నాకొచ్చిన లెక్క ఒకటే.
వచ్చిన ప్రతి పంపుకీ
స్క్రూ పావు చుట్టు వెనక్కి తిప్పుతున్నా.
డబ్బు తీసుకోను. చెప్పను కూడా.
మొన్న పిడుగురాళ్ళ సున్నం లారీ కోటిలింగం
తిరిగొచ్చి తిట్టాడు, బండి బరువెక్కిందని.
"బరువు ముందూ ఉంది,
ఇన్నాళ్ళూ ఎవరో మోశారులే" అని
టీ తాగించి, మెల్లగా పొమ్మన్నా.
అర్థమై ఉండదు. రేపు ఇంకో మేస్త్రీ దగ్గరికి పోతాడు.

బెంచి తిరుగుతోంది.
తొమ్మిదొందల తొంభై ఆరు... ఏడు...
ఏసుపాదం, ఆ ఫ్యాను కాస్త ఆపరా.
చుక్క చప్పుడు వినబడట్లేదు.