ఎండకు హాజరుపట్టీ

ఏటుకూరు రోడ్డులో పత్తిగింజల నూనె మిల్లు.
ఇరవై రెండేళ్ళు అక్కడ నిప్పుకు కూడు పెట్టాను,
పారకు పార ఊక.
ఇంటికెళ్ళి ముఖం కడుక్కుంటే
కనురెప్పల్లోంచి బూడిద నీళ్ళు.

మొన్న మాఘంలో అద్దాలొచ్చాయి.
ఊక గుట్టలుండే చోట ఆరు వరసలు,
దొప్పల్లా వంగిన అద్దాలు,
నడుమ నల్లటి గొట్టం, గొట్టంలో నీళ్ళు.
"ఇక ఎండే మీ పొయ్యి" అన్నాడు కుర్ర ఇంజనీరు.
మా ఎండ సంగతి మాకొకడు చెప్పాలా?
రోహిణిలో రోళ్ళు పగలగొట్టేది,
యార్డులో మిరపకాయల్ని గలగలలాడించేది,
ఇన్నాళ్ళూ గాలికి తిరిగింది.
ఇప్పుడు దానికీ హాజరుపట్టీ.

నలుగురికి లెక్క కట్టి పంపేశారు.
నన్ను ముల్లు చూడమని ఉంచారు.
చూస్తూ కూర్చున్నాను.
పొగ లేదు, చప్పుడు లేదు.
పదకొండున్నరకి ఎనిమిది దాటింది.
కుక్కర్లో గింజపప్పు ఉడికే వాసన,
అదే వాసన,
ఎవడు వండితే నాకేం అన్నట్టు.

అద్దాలు తుడవడానికి నల్లపాడు నుంచి మార్తమ్మ వస్తుంది,
చీకటితోనే. పొద్దెక్కితే చెయ్యి పెట్టలేం.
ఎంత తుడిచినా మర్నాటికి ఎర్రటి పొర,
యార్డు మిరప దుమ్ము.
తుమ్ముతూ తుడుస్తుంది.
ఒకరోజు పిలిచింది:
"వలీ అన్నా, ఇక్కడ నిలబడి చూడు, నేను తలకిందులు."
చూశాను. ఇద్దరం తలకిందులే.
మా తలల కింద తెల్లవారుతోంది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం
అమరావతి వైపు నుంచి మబ్బు కమ్మింది.
ముల్లు ఆరు, అయిదు, నాలుగున్నర.
కుక్కరు చల్లారితే వాయంతా దండగ.
మేనేజరు తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు:
"మీరావలీ, ఊక!"

పాత బాయిలరు తలుపు కిర్రుమంది. లోపల సాలెగూడు.
పార కర్ర మీద
నా వేళ్ళు అరగదీసిన గుంటలు,
వేళ్ళు వాటంతటవే వెళ్ళి కూర్చున్నాయి.
మంట అందుకుంది.
ఆ నలుగురూ గుర్తుకు రాలేదు ఆ గంటసేపు.
ఒళ్ళు మరిచి ఎగదోశాను,
ఎవరో కబురు పెట్టి పిలిపించుకున్నట్టు.

నాలుగింటికి మబ్బు విడిపోయింది.
నేను ఇంకో రెండు పారలు వేశాను,
అక్కర్లేకపోయినా.

మర్నాడు చీకట్లో
మార్తమ్మ అద్దం మీద వేలితో గీసి చూపింది.
ఎర్రటి దుమ్ము మీద ఇవాళ నల్లటి పొర.
"ఇదెవరి పనన్నా?" అంది.

బక్కెట్లోంచి ఇంకో గుడ్డ తీసి
పిండుకున్నాను.