నత్తి

మా ఇంట్ల కంప్యూటర్‌కు నత్తి మొదలైంది.
అందరికన్న ముందు నేనే పసిగట్టిన,
నాకూ ఉంది గనక.

బటన్ నొక్కితే
ఒకసారి మూలిగి, ఆగి, మళ్ళ మూలిగి
తెర వెలిగేసరికి
చాయ్ మరిగి, వడగట్టి, సగం తాగినంత సేపు.
బాణం గుర్తు
వాగు రాళ్ళ మీద మేక లెక్క
దుంకి ఆగి, దుంకి ఆగి పోతది.

"పడేయి నాయనా దీన్ని" అంటది శ్రీనిజ.
స్కాలర్‌షిప్ ఫారం సగంలున్నది.
ఫోన్లకు ఓటీపీ వచ్చింది,
అంకెలు కొట్టే డబ్బా రాలేదు.
డబ్బా వచ్చేసరికి ఓటీపీకి కాలం చెల్లింది.
బిడ్డ టకటక పదిసార్లు నొక్కింది,
మణెమ్మ వచ్చి పెట్టె నెత్తి మీద ఒక చరుపు చరిచింది.
అది ఇంక బిగుసుకపోయింది.

నొక్కద్దు బిడ్డా.
ఒక్కసారి అడిగి ఊకోవాలె.
మాట ఇరుక్కున్నోణ్ణి "చెప్పు, చెప్పు" అంటే
నాలుక దాక వచ్చింది గూడ ఎనక్కి పోతది.
ఇదంత మనసుల్నే అన్న.
పైకి "నొ... నొ..." కాడనే ఆగింది.

జాన్‌పహాడ్ మొక్కుకు పుట్టినోణ్ణి, సైదులు నా పేరు.
బడిల పేరడిగితే
"సై... సై..." అనేటోణ్ణి.
ఎనక బెంచోళ్ళందరు ఒక్క గొంతుతోని
"సై!" అనేటోళ్ళు.
లెక్కల సారు నెత్తిన ఒకటి పీకేది.
దెబ్బకు ఒక్కోపారి మాట ఊడిపడేది గూడ,
అందుకే అదే మందు అనుకున్నరు.

ఆదివారం, మిల్లు బందు.
మరలు విప్పి పక్క రేకు తీసిన.
లోపల మిర్యాలగూడ ఉంది.
పదమూడేండ్ల ఊక నుసి,
ఫ్యాను రెక్కలకు పసుపురంగు మెత్త,
బల్లిగుడ్డు పెంకు,
సీడీ సందుల, హుండీ అనుకొని
శ్రీనిజ నాలుగేండ్లప్పుడు ఏసిన రూపాయి బిళ్ళ.

సైకిల్ పంపుతోని ఊదిన. తుమ్మిన. మళ్ళ ఊదిన.
ర్యామ్ పట్టీ ఊడదీసి
పెన్సిల్ రబ్బరుతోని దాని బంగారు పండ్లు తోమిన.
ప్రాసెసర్ మీద పేస్టు ఎండి సున్నం లెక్క రాలింది,
ఖాజా దుకాణంల తెచ్చింది పెట్టిన, కందిగింజంత.

మూలుగు పోయింది.
నత్తి పోలేదు.

అప్పుడు రేకు మీద చెవి ఆనించిన.
టక్.
టక్ టక్.
టక్.
లోపల డిస్కుల ముల్లు
ఒక్క తావుకే పోతంది, ఎనక్కి వస్తంది, మళ్ళ అక్కడికే.
మొదటి అక్షరం దొరికింది, రెండోది దొరకలే.
ఆ తావు నాకెరుకే.

"డిస్కు పోతందన్నా" అన్నడు ఖాజా ఫోన్ల,
"ఇయ్యాల్నో రేపో. కావాల్సినయి తీస్కో.
కొత్తది ఏస్తే గుర్రం లెక్క ఉరుకుతది."

కావాల్సినయి అంటే ఏమున్నయి:
మిల్లు లారీల లెక్కలు, మణెమ్మ రేషన్ కార్డు నకలు,
శ్రీనిజ గీసిన మూడు కాళ్ళ ఏనుగు.
ఒక్కొక్కటే పెన్‌డ్రైవ్‌కు ఎక్కుతున్నయి,
ముసలోళ్ళు బస్సెక్కినట్టు.

"నాయనా, ఇదేంది? పేరు ఒకటి, పేరు రెండు...
నలభై ఒకటి దాక ఉన్నయి?"

కంప్యూటర్ కొన్న ఏడు
అందరు పండినంక మైకు పెట్టుకొని
నా పేరు నేను చెప్పుకున్న రాత్రులు అవి.
నా మాటను తాను పూర్తి చెయ్యకుండ విన్నది
ఈ ఇంట్ల ఇదొక్కటే.
ఈ సంగతి బిడ్డకు చెప్పలే.
అది అప్పటికే ఆఖరుది నొక్కింది.

"సై..."
టక్ టక్.
"సై... దు..."
ఆగింది.
ఆగింది నేనో, డిస్కో తెల్వదు.
శ్రీనిజ మళ్ళ నొక్కలే.
మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్ళె పెట్టుకుంది.

ఇద్దరం
"లు" కోసం
చూస్తున్నం.