ఏ పచ్చ?

జాంగీర్ ఉస్తాద్‌కు రంగులు తెల్వవు.
ఈ ముచ్చట బాదేపల్లి మొత్తంల
నాకొక్కనికే ఎరుక.
పదేండ్ల పోరణ్ణి పనిల పెట్టుకున్నది
పానాలు అందియ్యనీకి కాదు,
ఎరుపును ఎరుపని చెప్పనీకి.

డ్యాష్‌బోర్డు కింద ఎల్లెలుకల పండి
రెండు వైర్లు వేళ్ల నడుమ పట్టి అడిగేటోడు:
"ఏం రంగురా?"
"పచ్చ."
"ఏ పచ్చ? ఆకుదా, పసుపుదా?"
ఒకసారి నేను తేల్చి చెప్పకపోతే
మ్యాటడోర్‌కు హారన్ కొడితే
వైపర్లు ఊగినయి.

అప్పట్ల బండికి ఉన్నవే గుప్పెడు వైర్లు.
టెస్ట్ ల్యాంపు ముల్లు గుచ్చి
వెలిగితే ఉన్నట్టు, వెలగకుంటే లేనట్టు.
అబద్ధానికి జాగ లేకుండె.
ఉస్తాద్ ముక్కుతోటి కూడా పట్టేటోడు,
కాలిన వైరుది ఒక వాసన
కాలబోయే వైరుది ఇంకో వాసన అని.
రెండోది నాకు ఇప్పటికీ రాదు.

మొన్న మిడ్జిల్ నుంచి
విత్తనాల డీలరు కుర్మయ్య కారు తెచ్చిండు.
తెచ్చిండంటే, ట్రాక్టరుకు తాడు కట్టి గుంజుకొచ్చిండు.
కొని రెండేండ్లు కాలే.
బ్రేకు తొక్కితే అద్దాలు దిగుతున్నయట.
ఎడమకు తిప్పితే ఎయిర్‌బ్యాగు బొమ్మ మెరుస్తున్నదట.
రాత్రి తాళమేసినంక
తనంతల తానే
గొంతు సవరించుకున్నట్టు టిక్కు టిక్కుమంటదట.
"దిష్టి తీపిచ్చిన," అన్నడు, "గుమ్మడికాయ గూడ కొట్టిన."
టైరుకు నిమ్మతొక్క ఇంకా అంటుకోనే ఉన్నది.

జమున స్కానర్ పెట్టింది.
గంగాపూర్ దిక్కు తండా పిల్ల, ఐటీఐ చదివింది.
ఇరవై ఏడు తప్పులన్నది.
బ్రేకు డబ్బా తలుపు డబ్బాను పిలిచిందట, పలకలేదట.
తలుపు డబ్బాకు స్టీరింగు డబ్బా కనబడ్తలేదట.
ఇంజను డబ్బా అందరి మీద
ఫిర్యాదు రాసి పెట్టిందట.
అచ్చం పాలోళ్ల పంచాయితి.

కార్పెట్ లేపిన.
నా మణికట్టంత మందం వైర్ల జడ.
ఊదా మీద బూడిద గీత,
బూడిద మీద తెలుపు,
మెలేసుకున్న జంటలు.
ఇండ్ల సగం రంగులకు మా అమ్మ దగ్గర పేర్లు లేవు.
ముల్లు గుచ్చుదామంటే
"వద్దు కాకా, డబ్బా కాలుతది, నలభై వేలు" అన్నది.
ముప్పై ఏండ్ల సంది నమ్మిన ముల్లు
మళ్ల జేబుల పెట్టుకున్న.

ఫ్యూజు పెట్టె ఎనక
దోసెడు పల్లికాయ పొట్టు దొరికింది.
మార్కెట్ యార్డు ఎలుక.
తాలుకాయ ఒక్కటి లేదు, గట్టివే ఏరుకొచ్చింది.
రుచి చూసి ఇడిసిపెట్టినట్టు
మూడు వైర్లు కొరికింది.
అతికినం, టేపు చుట్టినం.
పదహారు తప్పులు పోయినయి.
ఎర్తు బోల్టు తుప్పు గీకినం, ఇంకో తొమ్మిది.
రెండు మిగిలినయి.

ఆ రెండు ఏందని అడిగితే
జమున చానసేపు తెర దిక్కే చూసింది.
"మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆగిపోయిందట కాకా.
ఎవరు ఆపిన్రో రాయలే."

పొద్దుగూకినంక సెల్ఫు కొడితే
ఒక్క దెబ్బకు లేచింది.
అద్దాలు అద్దాల తీరు, బ్రేకు బ్రేకు తీరు.
నిమ్మకాయే పనిచేసిందని
కుర్మయ్య ముఖంల రాసుండె.
వైర్లకు, టేపుకు పైసలు తీసుకున్న, అంతే.
చెడిపోయిన బండికి నేనెన్నడు భయపడలే.
ఎందుకు బాగైందో చెప్పని బండికి భయపడ్త.

ఉస్తాద్ పోయే ముందటి వారం
పాలమూరు దవాఖానల
సెలైన్ పైపు వేళ్ల నడుమ పట్టి అడిగిండు,
"ఏం రంగురా?"
"రంగు లేదు ఉస్తాద్. నీళ్లే."
"గట్లనా," అని ఇడిసిండు,
ఆ ఒక్క వైరు కాడ
ఇద్దరం సమానమైనట్టు.

షట్టరు దించబోతుంటే
కుర్మయ్య బండి హైవే ఎక్కుతున్నది.
డ్యాష్‌బోర్డు మీద ఇందాక చిన్న దీపం చూసిన.
"ఎర్రగ వెలిగింది గదా?" అన్న జమునతోటి.
"ఎరుపు కాదు కాకా, నారింజ."
"నారింజంటే?"
"ఎరుపైతే ఆగాలె.
నారింజైతే పోవచ్చు,
చూస్కుంట పోవాలె."