దిష్టిచుక్క ఫైళ్ళు

పార్సీగుట్ట గదిలో రాత్రి పదకొండు.
కొత్త లాప్‌టాప్‌కి నా పాత అలవాట్లు నేర్పుతున్నాను.

పేరు ముందు దిష్టిచుక్క పెట్టుకున్న ఫైళ్ళు
మామూలుగా అడిగితే కంటపడవు.
అన్నీ చూపించమంటేనే
ఒక్కొక్కటే బయటికొస్తాయి.

పదకొండేళ్ళ సరుకు. సగం నాది కాదు.
'జీఎస్' అన్న ఈ రెండక్షరాల పొట్టిపేరు
నుస్రత్ ఆపా ఇచ్చింది, మాదాపూర్ నైట్ షిఫ్టులో.
నా ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో విరిగి మునుగుతుంటే
"అరే, బార్ బార్ పూరా కొడ్తవేందిర?" అని.

నలభయ్యో లైను మీద నా రాతే:
"దీన్ని తీయకు. ఎందుకో అడగకు."
తీశాను. ప్రాంప్టు రంగు పోయింది.
మళ్ళీ పెట్టాను. అడగలేదు.

ఇక దారుల వరస.
ఏ ఆజ్ఞ ఇచ్చినా షెల్లు
ఒక్కో ఫోల్డరు గడప తొక్కి వెతుకుతుంది.
వాటిలో మూడు గడపలు ఇప్పుడు లేవు.
మూతపడ్డ కంపెనీది ఒకటి,
నేను సగంలో వదిలేసిన భాషది ఒకటి,
మూడోది ఏమిటో.
అయినా రోజూ అక్కడిదాకా పోయి
కిక్కురుమనకుండా పక్కకి జరుగుతుంది.

మా రూటు బస్సులోనూ అంతే.
టాకీసు కూల్చి అపార్ట్‌మెంట్లు లేచినా
"థియేటర్, థియేటర్ దిగాలె" అంటాడు కండక్టరు.
దిగుతాం.

చెరపబోయి ఆగాను.
మూడు దారుల ముందూ హ్యాష్ గుర్తు పెట్టి
నోరు మాత్రం మూయించాను.

అదే కిటికీలో రెండక్షరాలు కొట్టాను.
అదెవరో తెలియదంది.

ఫైలు మళ్ళీ చదవమనడం మరిచిపోయాను.